నొక్కకుండానే పలికే సెట్టు

సున్నపురాయి క్వారీలో పదకొండు గంటలు దాటింది. రంధ్రాల్లో మందు దట్టించడం అయిపోయి, డిటొనేటర్ల తీగలు కలిపే పని మొదలుకాబోతోంది. బ్లాస్టర్ మేస్త్రీ నడుముకున్న వాకీటాకీని తీసి పట్టుకొని, జీపు దగ్గర నిలబడ్డ నా వైపు నడిచి వచ్చాడు. "సార్, దీన్ని కాసేపు చూడండి" అన్నాడు. ఇద్దరం ఎండలో నిలబడి ఆ సెట్టునే చూశాం. చాలాసేపు ఏమీ జరగలేదు. తరువాత దాని నెత్తిన ఉన్న చిన్న దీపం ఎర్రగా ఒక్క క్షణం వెలిగి ఆరిపోయింది. అతని వేళ్లు యాంటెన్నా కింద, మాట్లాడే బటన్‌కు దూరంగా ఉన్నాయి.

"నేను ముట్టుకోలేదు సార్. మరి ఇది ఎవరితో మాట్లాడుతోంది?"

నాకు జవాబు తెలుసు. రెండు వారాల కిందట ఆ ఏర్పాటు చేసింది నేనే.

నల్లగొండలో ఇరవై ఏళ్లకు పైగా వైర్‌లెస్ సెట్లు అమర్చడం, బాగుచేయడం నా వృత్తి. మా పట్టణం లతీఫ్ సాహెబ్ గుట్టకూ కాపురాల గుట్టకూ మధ్య ఉంది. వాటిని చూస్తూ పెరిగినవాడికి రేడియో తరంగం గురించి మొదటి పాఠం ఎవరూ చెప్పనక్కరలేదు: ఎత్తున నిలబడ్డవాడి మాట దూరం పోతుంది. ఉమ్మడి జిల్లాలో కృష్ణ ఒడ్డు వెంట వాడపల్లి, మట్టపల్లి, మేళ్లచెరువు వైపు నేల కింద సున్నపురాయి ఉంది. దాన్ని నమ్ముకొనే అక్కడ సిమెంటు కర్మాగారాలు వెలిశాయి. ఆ కర్మాగారాలు, వాటి క్వారీలు, మిర్యాలగూడ రైస్ మిల్లులు, ఇవే నా ఇంట్లో పొయ్యి వెలిగించాయి. నేను చెప్పబోయే క్వారీ ఎవరిదో రాయను. అక్కడ జరిగింది చాలా చోట్ల జరుగుతోంది కాబట్టి పేరుతో పనిలేదు.

పాత అనలాగ్ సెట్టు సంగతి తేలిక. బటన్ నొక్కితే పలుకుతుంది, వదిలితే వింటుంది. 2005లో యూరప్ ప్రమాణాల సంస్థ ప్రకటించిన డీఎంఆర్ (డిజిటల్ మొబైల్ రేడియో) పద్ధతితో ఇది మారింది. పన్నెండున్నర కిలోహెర్ట్జ్ వెడల్పున్న ఒకే చానెల్‌ను కాలంలో రెండు ముక్కలుగా కోసి, వాటిలో ఇద్దరి మాటలు నడిపిస్తుంది ఆ పద్ధతి. మాటతో పాటు చిన్న చిన్న సందేశాలూ వెళతాయి. ప్రతి సెట్టుకూ ఒక నంబరు ఉంటుంది. కంట్రోల్ రూమ్‌లో కంప్యూటర్ మీద సాఫ్ట్‌వేర్ వేసుకుంటే పటం కనిపిస్తుంది, పటం మీద చుక్కలు కదులుతాయి, ఒక్కో చుక్క ఒక్కో మనిషి. ఎవరు ఎప్పుడు మాట్లాడారో నమోదవుతుంది, మాటలు రికార్డవుతాయి. ఇవి కాక, కుర్చీలో కూర్చున్నవాడు సెట్టుకు నేరుగా ఇవ్వగల ఆదేశాలు కొన్ని ఉన్నాయి. పనిచేస్తున్నావా అని అడగవచ్చు. నీ కోసం పిలుపు ఉందని మోగించవచ్చు. సెట్టును మూయించవచ్చు, మళ్లీ తెరిపించవచ్చు. అన్నిటికంటే బరువైనది చివరిది: సెట్టు మైకును దూరం నుంచే తెరిచి, దాని చుట్టూ వినిపిస్తున్నదంతా తన స్పీకర్‌లో వినవచ్చు. ఆ సమయంలో సెట్టు చేతిలో ఉన్నవాడికి ఏ గుర్తూ కనబడకుండా ఉండేలా దాన్ని తయారు చేశారు.

సెట్టు జవాబు చెప్పడమంటే ప్రసారం చేయడమే. ఈ ఒక్క మాట అర్థమైతే మేస్త్రీ ఎందుకు నడిచి వచ్చాడో అర్థమవుతుంది.

ఆ రోజుల్లో అక్కడ విద్యుత్ డిటొనేటర్లు వాడేవారు. దానిలో వెంట్రుకలాంటి సన్నని తీగ ఒకటి ఉంటుంది. కరెంటు పారితే వేడెక్కి మందును అంటిస్తుంది. బయటికి వచ్చే రెండు పొడవాటి తీగలు నేల మీద పరిచి ఉన్నప్పుడు అవి యాంటెన్నాలాగే పనిచేయగలవు. దగ్గరలో ఎవరైనా ప్రసారం చేస్తే వాటిలో కొంత కరెంటు పుట్టవచ్చు. అందుకే కలిపే దాకా ఆ తీగల కొసలను ఒకదానికొకటి మెలిపెట్టి ఉంచుతారు. అందుకే పేలుడు స్థలం దగ్గర రేడియోలకు దూరం నియమాలు ఉన్నాయి. చేతిలో పట్టుకునే సెట్టు కూడా నాలుగైదు వాట్లతో ప్రసారం చేస్తుంది, జీపులో బిగించినది అంతకు ఎన్నో రెట్లు. అయితే క్వారీ మనుషులు అనుభవంతో ఒక లెక్క పెట్టుకున్నారు: వినడంలో ప్రమాదం లేదు, బటన్ నొక్కకపోతే చాలు. పాత సెట్టుతో ఆ లెక్క సరిపోయింది. కొత్త సెట్టు నిమిషానికోసారి తానున్న చోటును కంట్రోల్ రూమ్‌కు చెబుతోంది. ఎవరూ నొక్కకుండానే.

ఆ రోజు పేలుడు ఆపించి, అక్కడి సెట్లన్నీ ఆపేసి దూరంగా పెట్టించాక పని సాగింది. ఏ ప్రమాదమూ జరగలేదు. ఇప్పుడు కరెంటు తీగ లేకుండానే మందును అంటించే నోనెల్ గొట్టాలు, ఎలక్ట్రానిక్ డిటొనేటర్లు వచ్చి ఆ భయం చాలావరకు తగ్గింది కూడా. కానీ నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నేను ఆ సెట్లలో స్థాన సమాచారం పెట్టెలో టిక్కు పెట్టేటప్పుడు పటం మీద చుక్క ఎంత చక్కగా కదులుతుందో చూసుకున్నాను. చుక్క కదలాలంటే ఎవరో ఒకరి నడుము దగ్గర ప్రసారం జరగాలన్నది నాకు తెలిసిన విషయమే. దాన్ని తీగలు పరిచిన చోటుతో కలిపి ఆలోచించలేదు. చదువురాని మేస్త్రీ ఆలోచించాడు, దీపం చూసి.

ఈ సాఫ్ట్‌వేర్ వద్దని చెప్పడానికి నేను ఇది రాయడం లేదు. దాని మేలు నాకంటే ఎక్కువగా అనుభవించినవాళ్లు తక్కువ. సిమెంటు కర్మాగారంలో అన్నిటికంటే ఎత్తయిన కట్టడం ప్రీహీటర్ టవర్, రాతిపొడిని బట్టీలోకి పోయేముందు వేడిచేసే గోపురం. సెట్ల మాటలను అందుకొని మళ్లీ బలంగా పంపే యంత్రం రిపీటర్; దాని యాంటెన్నాను ఆ టవర్ పైనే బిగిస్తాం. పైకి పోతున్నకొద్దీ మెట్లకు పక్కనే కొలిమిలాంటి వేడి, చొక్కా మీద బూడిదరంగు పొడి. ఆ పొడి యాంటెన్నా కేబుల్ కనెక్టర్ల చుట్టూ చేరుతుంది, తొలకరి చినుకు పడగానే గట్టిపడుతుంది, పగుళ్లలోంచి తడి లోపలికి దిగుతుంది. అప్పుడు రిపీటర్ పంపిన శక్తిలో కొంత యాంటెన్నాకు చేరకుండా వెనక్కి తిరుగుతుంది. అలా వెనక్కి రావడాన్ని కొలిచే సంఖ్య 1.3 దగ్గర ఉంటే నూటికి రెండు వంతులు కూడా వెనక్కి రావు. 3కు చేరిందంటే పావు వంతు వెనక్కి వచ్చి ప్రసార యంత్రాన్నే కాల్చగలదు. పూర్వం ఇది తెలిసేది సెట్లు మూగబోయాకే. ఇప్పుడు నల్లగొండలో ఇంట్లో కూర్చొని ఆ సంఖ్య 1.4, 1.6, 1.9 అని మూడు రోజుల్లో పెరగడం చూసి, నాలుగో రోజు పొద్దున్నే కనెక్టర్ మార్చి వచ్చిన సందర్భాలు ఉన్నాయి. బ్యాటరీ వోల్టేజీ, రిపీటర్ వేడి, ఏ చానెల్ ఎంత కిక్కిరిసి ఉంది, ఇవన్నీ దూరం నుంచి చూడగలగడం నా వృత్తిలో వచ్చిన గొప్ప మేలు. రాత్రి షిఫ్టులో ఉన్నవాళ్ల ప్రాణాలకూ మేలే.

ఇక్కడ చూస్తున్నది యంత్రాన్ని. రిపీటర్‌కు పరువు మర్యాదలు లేవు, దాని వేడిని ఎన్నిసార్లు కొలిచినా అది నొచ్చుకోదు. అదే తెర మీద, అదే మౌసుతో, మనిషి నడుముకున్న మైకును తెరిచే మీట కూడా పెట్టారు. నా అభ్యంతరం అక్కడ మొదలవుతుంది.

మేస్త్రీ ప్రశ్న తరువాత కంట్రోల్ రూమ్‌కు వెళ్లి నమోదుల పుట తెరిచాను. స్థాన సమాచారం ఎంత తరచుగా పోతోందో చూద్దామని వెళ్లాను. మైకు తెరిచిన ఆదేశాలు కూడా వరుసగా కనిపించాయి. చాలావరకు మధ్యాహ్నం ఒంటిగంటకూ రెండింటికీ మధ్య. నాలుగైదు నంబర్లే మళ్లీ మళ్లీ. ఆ నంబర్లు ఎవరివో జాబితాలో చూశాను. కాంట్రాక్టు కూలీల తరఫున జీతాల గురించి మాట్లాడేవాళ్లవి. భోజనాల వేళ వాళ్లు వేపచెట్టు కింద డబ్బాలు విప్పుకొని, సెట్టు పక్కన పెట్టుకొని తింటారు. పచ్చడి డబ్బా పక్కన పెట్టిన ఆ సెట్టు వాళ్ల మాటలను ఆఫీసుకు చేరవేస్తోంది.

కూలీలకు ఎవరూ చెప్పలేదు. కానీ చెట్టు కింద అనుకున్న మాట సాయంత్రానికి ఆఫీసులో ప్రశ్నగా తిరిగి వస్తుంటే ఎవరికైనా అర్థమవుతుంది. మొదట సెట్టును తువ్వాలులో చుట్టడం మొదలుపెట్టారు. తరువాత డంపర్ పనిముట్ల పెట్టెలో పెట్టి మూత వేయసాగారు. ఆ తరువాత బ్యాటరీ ఊడదీసి జేబులో వేసుకోసాగారు. బ్యాటరీలు చెడిపోయాయని నాకు ఫిర్యాదులు వచ్చాయి. ఒక్కొక్కటీ చార్జర్‌లో పెట్టి పరీక్షించాను, అన్నీ బాగానే ఉన్నాయి.

వేసవిలో ఒక సాయంత్రం కన్వేయర్ పక్కన పనిచేస్తున్న కుర్రవాడు ఎండదెబ్బకు పడిపోయాడు. పక్కనున్నవాడి సెట్టు పెట్టెలో ఉంది, బ్యాటరీ జేబులో ఉంది. కంగారులో ఆ ముక్క సరిగా కూర్చోలేదు. అతను క్రషర్ దాకా పరుగెత్తి మనుషులను తీసుకొచ్చాడు. కుర్రవాడు బతికాడు. ఆ పరుగులో పోయిన నిమిషాలు ఎవరి ఖాతాలో రాయాలి? వాళ్లకు ఆ సెట్టు ఇచ్చింది ఇలాంటి క్షణం కోసమే. దాన్ని చెవి చేసి, వాళ్లే దాన్ని మూసుకునేలా చేశాం.

అధికారితో మాట్లాడాను. ఆయన చెడ్డవాడు కాడు, ఆ మాట చెప్పాలి. "డంపర్లలో డీజిల్ పోతోంది. రాత్రి కాపలావాళ్లు నిద్రపోతున్నారు. నా దగ్గర ఉన్న సాధనాన్ని నేను వాడుకోకూడదా? పైగా ఆ కుర్రవాడు పడిపోయినప్పుడు సెట్టు అతని నడుముకే ఉండి ఉంటే, మైకు తెరిచి నేనే తెలుసుకునేవాణ్ణి కదా" అన్నారు. రెండో మాటలో నిజం ఉంది, మొదటిదాంట్లో బాధ ఉంది. డీజిల్ పోతే ట్యాంకులో మట్టం కొలిచే పరికరం పెట్టవచ్చు, ఇంజిన్ నడిచిన గంటలతో సరిచూడవచ్చు. భోజనాల వేళ మైకు తెరిస్తే ఒక్క లీటరూ దొరకదు. రెండో మాట గురించి నేను చెప్పింది ఇదే: ప్రమాదంలో మైకు తెరవాలంటే ముందు సెట్టు నడుముకు ఉండాలి, బ్యాటరీ సెట్టులో ఉండాలి. రోజూ చాటుగా వింటే ఆ రెండూ ఉండవు.

మైకు తెరిచే ఆ ఆదేశం విలువ ఏమిటో మా ప్రాంతంలో ఎవరికీ వివరించనక్కరలేదు. 2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ విద్యుత్ కేంద్రంలో మంటలు లేచి తొమ్మిది మంది పోయారు. 2025 ఫిబ్రవరి 22న, మా నల్లగొండ ఫ్లోరైడ్ ఊళ్లకు కృష్ణ నీళ్లు తేవాల్సిన ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం దోమలపెంట వైపు కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయారు. రాతిలోంచి రేడియో తరంగం దూరిపోదు. సొరంగాల్లో పై కవచానికి సందులున్న కేబుల్‌ను పొడవునా వేలాడదీసి, దానిలోంచి తరంగాలు కారేలా చేస్తారు. అలాంటి చోట లోపలున్న మనిషి ఎక్కడున్నాడో చెప్పే చుక్క, నోరు పెగలని మనిషి ఊపిరిని వినిపించే మైకు అంటే నాకు దేవుడితో సమానం. కాబట్టే దాన్ని కూలీల కబుర్లు వినడానికి ఖర్చుపెడుతుంటే కడుపు మండుతుంది.

అడవిలోనూ అంతే. అమ్రాబాద్ పులుల అభయారణ్యం రెండున్నర వేల చదరపు కిలోమీటర్లకు పైగా ఉంది. దాని లోపల ఫోను సిగ్నల్ దొరకని చోట్లు ఎన్నో. అక్కడ కాపలా తిరిగేవాడు తన చుక్క పటం మీద కనబడాలని తానే కోరుకుంటాడు, తప్పిపోతే వెతికేవాళ్లకు అదే ఆధారం. అదే చుక్కల పటం వేటగాడి చేతికి చిక్కితే ఈ రాత్రి ఏ వైపు కాపలా లేదో వాడికి చూపిస్తుంది.

చేతికి చిక్కడం గురించి ఇంకొంచెం చెప్పాలి. ఈ ఆదేశాలు ఎవరి నుంచి వస్తున్నాయో సెట్టుకు ఎలా తెలుస్తుంది? చాలా చోట్ల తెలియదు. లైసెన్సు తీసుకొని సరదా కోసం నడిపే అమెచ్యూర్ రేడియోలో కంప్యూటర్‌తో సెట్టును నడిపే పద్ధతి చూస్తే ఇది కళ్లకు కడుతుంది. ఐకామ్ కంపెనీ వాళ్ల 7300 సెట్టును "నువ్వు ఏ ఫ్రీక్వెన్సీ మీద ఉన్నావు" అని అడగాలంటే కంప్యూటర్ పంపేది ఆరే బైట్లు: ఎఫ్‌ఈ, ఎఫ్‌ఈ, 94, ఈ0, 03, ఎఫ్‌డీ. మొదటి రెండూ వినమని పిలుపు. 94 సెట్టు చిరునామా, ఈ0 అడుగుతున్న కంప్యూటర్ చిరునామా. 03 ప్రశ్న. ఎఫ్‌డీ ముగింపు. 7.1 మెగాహెర్ట్జ్ మీద ఉంటే సెట్టు 00, 00, 10, 07, 00 అని చివరి అంకెల నుంచి మొదటికి తిరగేసి చెబుతుంది. ఎంత పొందికైన సంభాషణ! మొదటిసారి దాన్ని తెర మీద చూసిన రోజు నాకు పసిపిల్లవాడి మాట విన్నంత సంతోషం కలిగింది. కానీ ఈ0 అన్నది చిరునామా మాత్రమే. ఆ తీగ మీదికి ఎవరు వచ్చి ఈ0 అని చెప్పుకున్నా సెట్టు నమ్ముతుంది. బల్ల మీద అరగజం తీగ ఉన్నంతకాలం పరవాలేదు. ఇంటర్నెట్‌కు తగిలిస్తే ఆ తీగ పొడవు ప్రపంచమంత. ఇలాంటి సెట్లను నడిపే హామ్‌లిబ్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లో తయారీదారులే తమ సర్వర్‌కు తలుపు గొళ్లెం లేదనీ, అంటే వచ్చినవాడెవరో అది సరిచూడదనీ, ఆ పోర్టును ఇంటర్నెట్‌కు తెరిచి పెట్టవద్దనీ రాసిపెట్టారు. అలా రాసినందుకు వాళ్లంటే నాకు గౌరవం.

డీఎంఆర్ సెట్టు నంబరు కూడా అంతే, ప్రోగ్రామింగ్ కేబుల్ తగిలించి టైపు చేసే ఒక సంఖ్య. అధికారి నంబరునే ఇంకో సెట్టులో ఎవరైనా టైపు చేస్తే, అదనపు రక్షణ పెట్టుకోని చోట మిగతా సెట్లకు తేడా తెలియదు. 2023 ఆగస్టులో పోలండ్‌లో ఏం జరిగిందో చూడండి. అప్పట్లో అక్కడి రైళ్లను అత్యవసరంగా ఆపడానికి రేడియో మీద మూడు స్వరాలు వినిపిస్తే సరిపోయేది. ఏ రహస్య సంకేతమూ ఉండేది కాదు. ఎవరో ఆ స్వరాలు ప్రసారం చేశారు, ఇరవైకి పైగా రైళ్లు నిలిచిపోయాయి. ప్రాణం కాపాడటానికి పెట్టిన ఆదేశమే అది. కంట్రోల్ రూమ్‌లో పాస్‌వర్డును తెర అంచున చీటీ మీద రాసి అంటించి ఉండటం నేను చాలాసార్లు చూశాను. చూసినప్పుడల్లా నాకు ఆ రైళ్లు గుర్తుకొస్తాయి.

చట్టం ఏమంటుందని అడిగేవాళ్లు ఉంటారు. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కని ఏకగ్రీవంగా తేల్చింది. 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం మాత్రం ఉద్యోగ అవసరాల కోసమైతే సమ్మతి లేకుండానే సమాచారం వాడుకునే సందు యజమానికి వదిలింది. వేపచెట్టు కింద మాట ఉద్యోగ అవసరమా అని కోర్టుకెళ్లి అడిగే స్తోమత కాంట్రాక్టు కూలీకి ఎక్కడిది? చట్టం వచ్చి చేసేదాకా ఆగకుండా, సెట్టును ప్రోగ్రాం చేసేవాడే చేయగలిగింది చాలా ఉంది. ఎందుకంటే మైకు తెరిచే ఆదేశానికి సెట్టు లొంగాలా వద్దా అన్నది ఒక్కో సెట్టులో ఒక్కో టిక్కు. ఆ టిక్కు పెట్టేది నాలాంటివాడి వేలు.

నేను ఆ క్వారీలో సెట్లన్నీ మళ్లీ బల్ల మీదికి తెప్పించాను. అత్యవసర బటన్ నొక్కిన సెట్టు మైకు మాత్రమే తెరుచుకునేలా మార్చాను. అంటే తలుపు తీసేవాడు లోపలి మనిషే. సెట్టు పోతే మూయించే ఆదేశం ఉంచాను. దాన్ని వాడితే టైమ్ ఆఫీసు పుస్తకంలో ఇద్దరి సంతకాలు ఉండాలన్నాను. ఎందుకంటే పనిలో ఉన్నవాడి సెట్టును కోపంతో మూయించడం అతన్ని బావిలోకి దింపి తాడు కోయడంతో సమానం. ఏ సెట్టు ఏ సమాచారం ఎంతసేపటికోసారి పంపుతుందో తెలుగులో ఒక కాగితం మీద రాసి గేటు దగ్గర అంటించాను. అధికారి కొన్నిటికి వెంటనే ఒప్పుకున్నారు, సంతకాల పుస్తకానికి నెల పట్టింది. ఒప్పుకోకపోతే ఆ పని వదులుకుందామనే అనుకున్నాను. ఇప్పటికీ ఎక్కడికి పిలిచినా ఈ షరతులు ముందే చెబుతున్నాను. రెండు చోట్ల మళ్లీ పిలవలేదు.

మేస్త్రీ ప్రశ్నకు జవాబు వేరేగా వెతకాల్సి వచ్చింది. సెట్టు ఆపేస్తే సైరన్ ముందు వచ్చే హెచ్చరికలు వినబడవు, ఆపకపోతే అదే పలుకుతుంది. సెట్టు మీది చానెల్ మీటకు పదహారు స్థానాలు ఉంటాయి. ఆఖరి స్థానంలో క్వారీ చానెల్‌నే మళ్లీ పెట్టి, అక్కడ వినడం తప్ప ప్రసారం ఉండకూడదని ప్రోగ్రాం చేశాను. ఆ స్థానంలో అది చోటు చెప్పదు, పలకరిస్తే జవాబివ్వదు, బటన్ నొక్కినా పలకదు. దీన్నిబట్టి దూరం నియమం పోదని, తీగల దగ్గరికి సెట్టు తీసుకుపోకూడదన్నది అలాగే ఉంటుందని మేస్త్రీకి రెండుసార్లు చెప్పాను. అతను విసుగు లేకుండా రెండుసార్లూ విన్నాడు.

తరువాత సెట్టు చేతిలోకి తీసుకొని, చూడకుండా బొటనవేలితో మీటను ఆఖరి దాకా తిప్పాడు. బటన్ నొక్కాడు. కాదన్నట్టు చిన్న మోత వచ్చింది. మళ్లీ నొక్కాడు, మళ్లీ అదే మోత. దీపం వైపు చూస్తూ నిలబడ్డాడు. ఒక నిమిషం, రెండు నిమిషాలు. దాన్ని తన చేతిలోంచి మరో చేతిలోకి మార్చుకొని ఇంకో నిమిషం చూశాడు. అప్పుడు సెట్టు నడుముకు తగిలించుకొని, ఎర్ర జెండాల వాళ్లను రమ్మని కేకేశాడు.